సీసా మెడకు ఎర్ర దారం

మంగళవారం. ఎల్లారెడ్డి టౌనుకు పోయి వచ్చాను.

చెట్లు కోసే మిషన్‌ను మెకానిక్ నా ముందే విప్పాడు. పిస్టన్ నిలువునా గీసుకుపోయి ఉంది.

"బాపూ, నూనె కలపని పెట్రోలు పోసిండ్రు. బాగు జేస్త గానీ, కామారెడ్డిల కొత్తది తెచ్చుకునుడే నయం."

"మా మల్లయ్య పోసిండు. వానికి తలకాయ లేదు," అన్నాను.

ఇరవై ఏండ్లుగా నాతో చెట్లు కోసే మనిషి మల్లయ్య. నిన్న మిషన్ ఆగిపోతే వాణ్ని అందరి ముందూ తిట్టాను.

"నూనె కలిపేది నువ్వే గద అన్నా, నన్నెందుకంటవ్?" అన్నాడు.

"ఎదురు మాట్లాడుతవారా? రేపటి సంది రాకు," అన్నాను. ఈరోజు రాలేదు.

పెట్రోలు సీసాలో నూనె కలిపేది నేనే. ఎవరినీ ముట్టనివ్వను. కలిపాక సీసా మెడకు ఎర్ర దారం కడతాను. దారం చూసి మల్లయ్య మిషన్‌లో పోస్తాడు.

ఇంటికి రాగానే సీసా చూశాను. దారం ఉంది, ముడి నాదే. ఇంట్లో ఉన్న నూనె డబ్బా ఒక్కటే, పాతది అయిపోతే పోయిన వారం తెచ్చింది. దాని సీలు కూడా తీయలేదు. దారం కట్టింది బాగా గుర్తుంది. నూనె పోశాననే అనుకున్నాను.

కొత్త మిషన్ కొన్నా దారం కట్టేది ఈ చేతులే కదా. పాతదే బాగు చేయించాలి. నూనె మల్లయ్య కలపాలి. రేపు వాళ్లింటికి పోయి తప్పు నాదని నా నోటితో చెప్పాలి.

పొద్దుటికి ఇది మరిచిపోతే మళ్లీ వాణ్నే తిడతాను. అందుకే రాసి పెట్టుకుంటున్నాను.