కిటికీ పక్క సీటు

కొరిన్,

పిల్లికి సాయంత్రం మందు వెయ్యి. సరుకులన్నీ నా నీలం క్రెడిట్ కార్డు మీదే కొను. ఆ ఖర్చుకే విమానం వాళ్లు వచ్చే ఏడాది మళ్లీ, నాతో వచ్చే ఒకరికి తోడు టికెట్ ఉచితంగా ఇస్తారు.

ఈసారి తోడు నువ్వేనని, పోర్ట్‌లాండ్‌లో సముద్రం చూపిస్తానని మాటిచ్చాను. తీరా బుక్ చేసేటప్పుడు, మీ వదిన పోయి రెండేళ్లయినా, చేతులు అలవాటుగా లెనోర్ పేరే టైప్ చేసేశాయి. విమానం వాళ్లకి ఫోన్ చేశాను.

"పేరు మార్చడం కుదరదండీ. మేడమ్ రావడం లేదా?" అంది ఆ అమ్మాయి.

"ఆవిడెప్పుడూ ఆలస్యమే" అన్నాను.

ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "అయితే ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వనులెండి" అంది.

నీకు ఎదురుగా చెప్పలేక, ఈ చీటీ పెట్టి ఒక్కడినే వెళ్తున్నాను. ఆదివారం నేను తిరిగొచ్చాక తిట్టు, చెల్లీ.

లోవెల్

తా.క. కిటికీ సీటు మీ వదినకే వచ్చింది. నేను మధ్య సీట్లోనే కూర్చుంటాను.