బావ వేయించిన కొత్త బంపరు

అక్కా, ఇక్కడ మేం క్షేమమే, కారే కాదు.

సొట్టపడ్డా ఇన్సూరెన్సు వాళ్లను అడగకపోతే ఏటా ప్రీమియం తగ్గిస్తారని, విరిగిన ఎడమ తలుపును తాడుతో కట్టి ఐదేళ్లు నడిపాను. మొన్న బావ ఒక్కరోజుకని తీసుకెళ్లి బంపరును గోడకు గుద్దాడు. "నీకు పైసా ఖర్చు లేకుండా చేయిస్తాలే, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు. బావ ఇచ్చిన కాగితం చదివితే బాగోదని చదవకుండానే పెట్టాను. అది క్లెయిము ఫారం. ఐదేళ్ల తగ్గింపూ మట్టికొట్టుకుపోయింది.

నీ కుట్టుమిషను బాగయిందా? బావ మళ్లీ కారు అడగబోతే నువ్వే ఆపు.

పిల్లలకు ఆశీస్సులు. బావకు నమస్కారాలు. బంపరు అద్దంలా మెరుస్తోందని చెప్పు. నీ మరదలు మాత్రం ఇప్పటికీ నా సీటు మీంచి దాటుకునే ఎక్కుతోంది.

నీ తమ్ముడు