అబూ ఫహద్ వేసిన తాళం

హుఫూఫ్, సౌదీ అరేబియా

జనార్దన్ బావకు యాదగిరి నమస్కారాలు.

ఫోన్లో చెబితే పక్కనే నీ చెల్లెలు సరళ వింటుంది. నా పెళ్లాం సంగతి నీకు తెలుసు కదా, రేపే తిరిగి రమ్మంటుంది. అందుకే సెలవు మీద వస్తున్న బాషా చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖత్ చట్టం లెక్కకు వాళ్లు చాలక మన కంపెనీ ఎర్ర జాబితాలో పడ్డప్పుడు నిన్ను ఇంటికి పంపి, నీ రిపేరు పనిలో సౌదీ మనిషి అబూ ఫహద్‌ని పెట్టారు. అప్పటి నుంచి ఆయన ముఖం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. యాభై దాటిన మనిషి, స్క్రూడ్రైవర్ ఎటు పట్టుకోవాలో తెలియదు. ఈయనకు నేను పని నేర్పాలా అని పళ్లు నూరుకునేవాణ్ణి.

మొన్న ఒక బేకరీలో పిండి కలిపే మిషన్ ఆగిపోయిందంటే ఇద్దరం వెళ్లాం. విప్పుతుండగానే నమాజు వేళైంది. కొట్టు చూసుకునే కడప మహబూబ్ మెయిన్ స్విచ్ ఆపి, షట్టర్ సగం దించి మసీదుకు పోయాడు. వెనకే అబూ ఫహద్ కూడా పోయాడు. మెయిన్‌కు తాళం వేసి, చెవి మన జేబులో పెట్టుకున్నాకే మిషన్ ముట్టాలి. నాకు తెలియక కాదు. కరెంటు ఎలాగూ లేదు కదా, వాళ్లొచ్చేలోపు ముగిద్దామని టార్చి నోట కరుచుకుని రెండు చేతులూ వైర్లలో పెట్టాను.

వాళ్లు తిరిగొచ్చిన సంగతే తెలియలేదు. బోర్డు దగ్గర మహబూబ్ అరుపు వినబడింది. "ఏందన్నా ఇది, మెయిన్‌కు తాళమేసినారు? ఆడ పిండి పులిసిపోతాంది!"

చేతులు బయటికి లాక్కున్నాను బావా. తాళం లేకపోతే అతను, నా చేతులు ఇంకా లోపలున్నాయని తెలియక, రోజూలాగే మెయిన్ వేసేసేవాడు. ఆ తాళం వేసింది అబూ ఫహద్. మసీదుకు పోతూ వేసి, చెవి జేబులో పెట్టుకుపోయాడట. నేను బయటికొచ్చి ఎదురుగా నిలబడేదాకా మహబూబ్ ఎంత మొత్తుకున్నా తీయలేదు.

ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. నీ కూడు లాక్కున్న మనిషికి దండం పెట్టానని నీకు కోపం రావచ్చు. తిట్టినా సరే, మాట్లాడటం మానకు.

నీ
యాదగిరి

సిరిసిల్ల

యాదగిరికి జనార్దన్ దీవెనలు.

ఉత్తరం పొయ్యిలో వేయలేదు, సరళకు చూపించాను. ముందు ఏడ్చింది, తర్వాత నిన్ను తిట్టింది. ఆ తిట్లన్నీ రాయడానికి ఈ కాగితం చాలదు.

నీకు ఒక సంగతి చెప్పలేదు. నేను బయలుదేరే ముందు అబూ ఫహద్ నా గదికొచ్చి, వచ్చీరాని హిందీలో క్షమించమన్నాడు. నాకు కడుపు మండింది. మంటలోనే ఆయన్ని బోర్డు దగ్గరికి లాక్కుపోయి తాళం వేయడం చూపించాను. "మా యాదగిరికి తొందరెక్కువ, చెప్తే ఇనడు. ఆడు మిషన్ల చెయ్యి పెట్టిండంటే నువ్వు తాళమెయ్యి. మనిషి బయటికొచ్చి కనబడేదాంక తియ్యకు" అని నాకొచ్చిన హిందీలోనే చెప్పాను. తల ఊపాడు. గుర్తు పెట్టుకుంటాడని మాత్రం అనుకోలేదు.

పని పోయిందన్న బాధ పోలేదురా, అబద్ధమెందుకు. కానీ సరళ ఇప్పుడు దేవుడి ముందు దీపం పెట్టి మన అందరి పేర్లతోపాటు ఆయన పేరు కూడా చెబుతోంది. నేను పక్కనే నిలబడి వింటున్నాను. వద్దనడం లేదు.

నీ బావ
జనార్దన్