నలుగురికి తూచిన ఉప్పు

మామయ్యగారూ,

పేట బస్సుకి టైమైంది, బడికి వెళ్తున్నాను. అన్నం, చారు మూతపెట్టి ఉంచాను. వేళకి తినండి. పండుమిరపకాయలు తుడిచి గుడ్డ మీద ఆరబోశాను. నేనొచ్చేదాకా అందులో ఉప్పు కలపకండి.

మీరు తూచిపెట్టిన ఉప్పు చూశాను. అత్తయ్యగారి కొలత నాలుగు కిలోల కాయలకి కిలో ఉప్పు, కిలో చింతపండు. అంటే కిలో కాయలకి పావుకిలో. ముగ్గురమే కదా అని నేను మూడు కిలోలే తెచ్చాను. ఆ లెక్కన ముప్పావు కిలో చాలు. మీరేమో రెండూ కిలో చొప్పున తూచారు. అంతకాలం లెక్కలు చెప్పిన మాస్టారు ఇలా లెక్క తప్పారేమిటని విసుక్కున్నాను కూడా.

తర్వాత తట్టింది. మనింట్లో ఏడాదికి మనిషికో కిలో కాయలు. నిరుడు అత్తయ్యగారి సంవత్సరీకాలు కాలేదని పచ్చడే పెట్టలేదు. ఆవిడ లేకుండా పెట్టడం ఇదే మొదలు. మీ చెయ్యి నలుగురికే తూచింది.

ఉప్పు తీయకండి. సాయంత్రం ఇంకో కిలో కాయలు తెస్తాను. లెక్క సరిపోతుంది.

సరస్వతి

మీ అబ్బాయి అడిగితే, కాయలు తక్కువ తెచ్చింది కోడలేనని చెప్పండి.