పాప కాళ్ల దారం

మన పాప బెగిమై నాన్నగారికి,

నా రాత కోడి గీకినట్టుంటుంది. అక్షరాల్లో తప్పులూ ఉంటాయి. ఏడో తరగతితో బడి మానేసిన చెయ్యి, మన్నించండి. ఫోనులో చెబుదామంటే మీ గదిలో తోటి పనివాళ్లందరూ వింటారు. అందుకే సైబీరియా వచ్చే లారీలో ఈ ఉత్తరం పంపుతున్నాను. ఇక్కడ అత్తయ్య, పాప, నేను, ఆవు, అందరం బాగున్నాం. అక్కడ మీరూ చలికి జాగ్రత్తగా ఉన్నారనుకుంటాను.

అత్తయ్య మోకాళ్ల సంగతి అడిగారు. రోజూ గొర్రె కొవ్వు రాస్తున్నాను, కాస్త నయం. పొయ్యి గొట్టం బాగుచేయించాను, ఇప్పుడు ఇంట్లో పొగ లేదు.

పాప కాళ్లకు నల్లదారం, తెల్లదారం పేని కట్టి, పరుగు పందెంలో గెలిచిన పిల్ల చేత కోయించే తొలి అడుగుల వేడుక ఎలా జరిగిందని అడిగారు. బాగా జరిగింది. కానీ కోప్పడకుండా చివరిదాకా చదవండి.

విందుకు గుర్రం కోయకపోతే నలుగురిలో తలెత్తుకోలేమన్నారు మీరు. మీరు పంపిన డబ్బు బయానాగా ఇచ్చి, మిగతాది అప్పు పెట్టి కొనమన్నారు. కొన్నానని ఫోనులో చెప్పాను. అది అబద్ధం. మన పెళ్లికి కోసిన గుర్రం అప్పే మిమ్మల్ని అంత దూరం పట్టుకుపోయింది. అప్పిచ్చిన ఎసెన్ బాబాయి ఎదురైతే నేను సందు మార్చి నడిచేదాన్ని. వేడుకనాటి పొద్దున మీ డబ్బంతా తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. మిగిలి ఉన్న బాకీ దాంతో తీరిపోయింది.

విందుకు గోధుమపిండి బొర్సోకులు వేయించాం, టీ కాచాం. ఎసెన్ బాబాయి భార్య బురుల్ పిన్ని వడ్డించినవన్నీ ఒకసారి చూసి, "ఇంతేనా? పెళ్లి గుర్రమే ఇంకా మాకు బాకీ. వీళ్లింకేం కోస్తార్లే, పిల్లినా?" అంది. అందరూ నవ్వారు. అత్తయ్య తల దించేసుకున్నారు.

టీ గిన్నె కింద పెట్టాను. "ఆ బాకీ పొద్దున్నే తీర్చేశాను పిన్నీ. బాబాయినే అడగండి" అన్నాను.

బాబాయి నమలడం ఆపారు. "ఇచ్చేసింది. నీకు చెబితే సాయంత్రానికి కొత్త తివాచీ కొనేస్తావని చెప్పలేదు" అన్నారు. ఈసారి అందరూ ఇంకా గట్టిగా నవ్వారు.

"అయితే మాత్రం? గుర్రం కోయకపోతే జనం ఏమనుకుంటారు?" అంది పిన్ని.

"మిమ్మల్ని పిలిచింది పాప కాళ్ల దారం తెంపడానికి పిన్నీ. వాళ్ల నాన్న కాళ్లకు ఇంకో తాడు కట్టడానికి కాదు."

నా గొంతు అంత దూరం వినిపిస్తుందని నాకే తెలియదు. ఎవరూ నవ్వలేదు.

అందరం వాకిట్లోకి వచ్చాం. పిల్లలు వీధి చివరి నుంచి పరుగెత్తుకొచ్చారు. చెప్పులు జారవిడిచిన ఓ పిల్ల ముందుగా వచ్చి దారం కోసింది. పాప తూలింది, నిలబడింది, తిన్నగా నడిచి వెళ్లి బురుల్ పిన్ని పావడా పట్టుకుంది. ఆమె ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నా చెవిలో, "మా మనవడికీ టీతోనే కానిచ్చేస్తే ఎలా ఉంటుందే?" అని అడిగింది.

అందరూ వెళ్లాక అత్తయ్య నన్ను కోడళ్లు కూర్చునే తలుపు దగ్గర నుంచి లేపి, పెద్దలు కూర్చునే పైచోట కూర్చోబెట్టారు. తన చేత్తో నాకు టీ పోశారు. "వాడికి రాయి. ఇక ఇంటికి రమ్మను" అన్నారు.

ఇదివరకు ప్రతి ఉత్తరం చివరా చదివి కాల్చేయమని రాసేదాన్ని. దీన్ని కాల్చకండి. మీ గదిలో అందరికీ చదివి వినిపించండి.

ఇట్లు,
ఎవరికీ బాకీ లేని మీ ఇల్లాలు,
సైకాల్