గుండీల ఆవిడ ల్యాప్‌టాప్

వదినగారి దివ్యసముఖానికి,

ఇందుమూలముగా సమస్త బంధుమిత్రులకు తెలియజేయునది ఏమనగా, నేటినుండి మా కుట్టు దుకాణంలో నా కత్తెరతో కాగితం కత్తిరించినవారికి, ఎంత దగ్గరి చుట్టమైనా సరే, చొక్కాకు కాలరు వేయబడదు. దీనిపై అప్పీలు లేదు.

ఇక చిన్న విషయం. ఈ సంచిలో ల్యాప్‌టాప్ ఒకటి పంపుతున్నాను. మీరు ల్యాప్‌టాప్‌ల డాక్టరు కదా, కాస్త నాడి చూడండి. బటన్ నొక్కితే లేస్తుంది, కంపెనీ బొమ్మ చూపిస్తుంది, వెంటనే కళ్ళు మూసుకుంటుంది. మా దగ్గర గుండీలు కుట్టే ఆవిడది. ఎప్పుడో ఆపేసిన పదో తరగతి ఇప్పుడు పూర్తిచేస్తోంది. శనివారం పొద్దున దీని ముందు ఒంటరిగా కూర్చుని పరీక్ష రాయాలి. ఆ పూట తప్పితే మళ్ళీ వచ్చే ఏడే.

సంచి పాలవ్యాను డ్రైవరుతోనే తిప్పి పంపండి.

ఇట్లు,
మీ మరిది

తా.క. ఫోన్ చేయకండి. నా ఫోను నాకంటే ముందు మీ చెల్లెలు ఎత్తుతుంది.

*

మరిదికి వదిన దీవించి రాయునది.

నీ ల్యాప్‌టాప్‌కి ఏ రోగమూ లేదు. నా బల్ల మీద పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడించాను, కునుకు కూడా తియ్యలేదు. కీబోర్డులోంచి సుద్దపొడి, ఎర్రదారం ముక్కలు మాత్రం దులిపాను.

ప్రయాణం పొద్దున మా ఆయన ప్యాంటు జేబులు కుట్టేసి, ఆయన టిక్కెట్ల కోసం తడుముకుంటుంటే కిటికీలోంచి చూసి మురిసిన మనిషివి నువ్వు. ఈసారి నా వంతు వచ్చిందన్నమాట. కష్టపడి చదువుకునే ఆడమనిషిని అడ్డం పెట్టుకుని వేళాకోళాలేమిటి?

ఉంటాను,
వదిన

తా.క. ఇంతకీ ఎవరీ గుండీల ఆవిడ? ఎప్పుడు చేరింది?

*

వదినగారికి నమస్కారం.

అబద్ధాలాడినన్నాళ్ళూ అందరూ నమ్మారు. ఒక్క నిజం చెబితే మీరే నమ్మడం లేదు.

సంచి విప్పి, బల్ల మీద పెట్టి, బటన్ నొక్కాను. లేచింది, బొమ్మ చూపించింది, పడుకుంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ పడుకుంది. పరాయి ఇంట్లో చలాకీగా తిరిగి సొంతింట్లో ముసుగుతన్నే మగవాడిలా ఉంది దీని వరస.

ఆవిడ గురించి అడిగారు. నెమ్మదస్తురాలు. ఓపిక ఎక్కువ. చేతిపని ముత్యాలు పేర్చినట్టుంటుంది. మాట మెత్తన. ఈసారి పరీక్ష పోతే ఆవిడకి మళ్ళీ పుస్తకం పట్టే ధైర్యం రాదు వదినా. నామీద కోపం దానిమీద చూపించకండి.

మీ మరిది

తా.క. పక్కకొట్టు ఆయన చార్జరు తెచ్చి పెట్టి చూశాను. అది ఇందులో పట్టనే పట్టలేదు. "నీ దుకాణానికొచ్చి నిద్రపోనిదెవరు?" అని ఆయన ఉచిత సలహా ఇచ్చి పోయాడు.

*

మరిదికి,

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళ కాపురంలో మా చెల్లి గురించి ఇన్ని మంచిమాటలు నువ్వు ఒక్కచోట రాసింది లేదు.

ముందు వైద్యం సంగతి. చార్జరు పీకేసి, బటన్ అరనిమిషం అలాగే నొక్కిపట్టు. వదిలేసి మళ్ళీ వెయ్యి. అప్పటికీ లేవకపోతే, దాన్ని ఎక్కడ పెడుతున్నావో, చుట్టూ ఏమేం ఉన్నాయో ఒక్కటీ వదలకుండా రాయి. నీ తెలివి వాడకు, కళ్ళు వాడు. ఇవేవీ కాదంటే ఆవిణ్ణి నా దగ్గరికి పంపు, నా దుకాణంలోనే కూర్చుని రాసుకుంటుంది.

వదిన

తా.క. ఇవాళ చెల్లికి ఫోన్ చేసి, మీ గుండీల ఆవిడ కులాసానా అని అడిగాను. "ఏ గుండీల ఆవిడక్కా? గుండీలన్నీ నేనేగా కుట్టేది" అంది. ఆ తర్వాత నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను.

*

వదినా,

కొరివితో తల గోక్కున్నది నేనే, ఒప్పుకుంటాను. మీరు దానిమీద నూనె పోశారు.

మీ చెల్లెలు పొద్దున్నుంచి ఎదురుగా కూర్చుని గుండీలు కుడుతోంది. సూది దిగినప్పుడల్లా నా వైపు చూస్తోంది. ఇవాళ్టి చొక్కాలు చిరిగి పీలికలైనా గుండీలు మాత్రం ఊడవు.

బటన్ నొక్కిపట్టాను, లాభం లేదు. రేపే పరీక్ష. ఆవిణ్ణి మీ దగ్గరికి పంపలేను, సిగ్గు. చోటు గురించి రాయమన్నారు కదా: దుకాణం వెనకగది, బట్టలు కత్తిరించే బల్ల. కుడివైపు ఇస్త్రీపెట్టె, చల్లగానే ఉంది. వెనకాల దారం కండెలు. ఎడమవైపు, ల్యాప్‌టాప్‌ని ఆనుకుని, గుండుసూదులు అంటించే పెద్ద అయస్కాంతం. కూర్చునేది స్టూలు, దాని కాలొకటి పొట్టి. ఇంతకుమించి అక్కడ ఏమన్నా ఉంటే అది నా ఖర్మే.

మీ మరిది

తా.క. ముందు దీన్ని లేపండి, తర్వాత నన్ను ఉరి తియ్యండి. వరస మార్చకండి.

*

మరిదికి,

అయస్కాంతం.

ల్యాప్‌టాప్ మూతలోనూ చిన్న అయస్కాంతం ఉంటుంది. మూత మూయగానే కింది భాగం దాన్ని పసిగట్టి నిద్రలోకి పోతుంది. నీ సూదుల అయస్కాంతం పక్కనే తగులుతుంటే, మూత మూసేశారనుకుని అది పాపం పడుకుంటోంది. ఆ అయస్కాంతాన్ని తీసుకెళ్ళి అవతలి గదిలో పెట్టు.

దాని కళ్ళు తెరుచుకుంటాయి. మా కళ్ళు ఇప్పటికే తెరుచుకున్నాయి. రేపు పరీక్ష వేళకి నేనూ చెల్లీ దుకాణానికి వస్తున్నాం.

వదిన

తా.క. సిగ్గుపడే ఆవిడతో చెప్పు, మాకది లేదని.

*

వదినగారికి, పక్కనే మూతి ముడుచుకుని కూర్చున్న మీ చెల్లెలికి,

బట్టలు సర్దుకుని మీ ఇంటికొచ్చేసిందని పాలవ్యాను డ్రైవరు చెప్పాడు. ఈ ఉత్తరం తనకి వినబడేట్టు చదవండి.

అయస్కాంతం తీసి అవతల పెట్టగానే లేచింది. లేచి, నిద్రపోలేదు. నేను తలుపు గడియపెట్టాను. మీరిద్దరూ వచ్చి తలుపు బాదారు. "లోపల ఎవరున్నారో మాకు తెలుసు" అన్నారు మీరు. "పలకవేం, నోట్లో సూదులున్నాయా?" అంది తను. పలికే దారి లేదు. ఎదురుగా కెమెరా చూస్తోంది. బయటి గోల బయటిదే గానీ, గదిలో నోరు విప్పినా, స్టూలు దిగినా పరీక్ష రద్దు.

లెక్కల మధ్యలో ఉండగా తను "సరే, నేను పోతున్నా" అంది. చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. తలుపు తీస్తే ఏడాది పోతుంది. తీయకపోతే ఏం పోతుందో లెక్క తేలలేదు. కూర్చుని చివరిదాకా రాశాను.

అవును, రాసింది నేనే. గదిలో ఉన్నదీ నేనొక్కణ్ణే. గుండీల ఆవిడ అనే మనిషే లేదు. వీధిలో ఎవరు కాలుజారినా ముందు నవ్వే నోరు నాది. ఈ వయసులో పదో తరగతి తప్పానంటే వాళ్ళందరూ వరసకట్టి నవ్వుతారని లేని మనిషిని అడ్డం నిలబెట్టాను. ఇప్పుడు ఎవరు నవ్వినా ఫరవాలేదు, ఇంట్లో నవ్వే మనిషి ఉంటే చాలు. పంపండి వదినా. గడియ తీసే ఉంది.

మీ మరిది

తా.క. లేని మనిషికి అన్ని మంచి గుణాలు ఎక్కణ్ణుంచి తెచ్చావని అడుగుతారు. నెమ్మది, ఓపిక, ముత్యాల్లాంటి చేతిపని, అన్నిటికీ కొలతలు మీ చెల్లెలి దగ్గరే తీసుకున్నాను. మాట మెత్తన అన్నది మాత్రం పూర్తిగా నా కల్పితం.