బీరువాలో సీసం కళ్ళజోడు

మంగళవారం, గుడివాడ

ఒళ్ళు మండిపోతోంది. తనిఖీ వాళ్ళు వస్తున్నారని మా ఇన్‌ఛార్జ్ సుజాతగారు పొద్దున్నే బీరువా తాళం తీసి, ఎక్స్‌రే నుంచి కళ్ళను కాపాడే సీసం అద్దాల కళ్ళజోళ్ళు నర్సులందరికీ ఇచ్చారు. కొన్నప్పటి స్టిక్కర్ ఇంకా ఊడలేదు. గుండెకు స్టెంట్లు వేసే గదిలో, ఎక్స్‌రే మిషన్ ఆపేసి ఉండగా, పెళ్ళిచూపులకు ముస్తాబైనట్టు అవి పెట్టుకుని నిలబడ్డాం. వచ్చినవాళ్ళు మెచ్చుకుని వెళ్ళారు.

మధ్యాహ్నం ముదినేపల్లి నుంచి గుండెపోటుతో ఒక చేపల చెరువు రైతును తెచ్చారు. నేను బల్ల దగ్గరికి వెళ్తుంటే సుజాతగారు చెయ్యి చాపారు.

"కళ్ళజోడు ఇచ్చెయ్యమ్మా. రక్తం పడితే పాడైపోద్ది. మళ్ళీ వాళ్ళొస్తే ఏం చూపిస్తాం?"

"మిషన్ ఆన్ చేసేది ఇప్పుడే కదండీ!"

"ఇన్నాళ్ళూ లేకుండానే చేశావుగా?"

అవతల మనిషికి ప్రాణం మీదికొచ్చింది. గొడవపడే సమయమా అది? ఇచ్చేశాను. రైతు బతికాడు, అదొక్కటే సంతోషం.

డ్యూటీ దిగేటప్పుడు ఆవిడ కళ్ళజోళ్ళు మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. "ఒక్క గీత కూడా పడలేదు చూడు," అంటూ నాది లైటు వెలుగులోకి ఎత్తి చూపించారు.

చూడడానికి ఎడమ కన్ను నులుముకోవాల్సి వచ్చింది. నెల నుంచీ ఇదే మసక. నిద్ర చాలకేనేమో...